ఎడమవైపు సీటు

ఆగస్టు 4, సోమవారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఈ డైరీ ఉగాదికి ఒక బీమా ఏజెంటు ఇచ్చాడు. అప్పట్నుంచీ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొస్తోంది. ఇవాళ గాలి లేదు కాబట్టి తీశాను.

తాతాజీ సౌండ్స్ అంటే నర్సీపట్నంలో తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళయినా, తీర్థమయినా, ఎన్నికలయినా మైకు నాదే, మైకు ముందు వాగుడూ నాదే. ఇప్పుడు షాపు మా అబ్బాయి గణేశ్వరరావు చూసుకుంటున్నాడు, వాగుడు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. చదువు ఐదో తరగతి. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ దొరికినంత మేరకు. ఇంత మాటకారిని, కాగితం ముందు కూర్చుంటే మాట పెగలడం లేదు. కాగితం చప్పట్లు కొట్టదు కదా.

ఇంట్లో సంగతి ఇదీ. మా కోడలు ఈశ్వరికి జూలైలో ఆడపిల్ల పుట్టింది. పురుడు స్నానమైనా కాకముందే పోయింది. పేరు కూడా పెట్టలేదు.

అంతే. దీని గురించి ఇంక రాయడానికేమీ లేదు.

అలా పోయిన బిడ్డకు మా ఇళ్ళల్లో దినం లేదు, ఫొటో లేదు. దహనం చెయ్యం, పాతిపెడతాం. తండ్రి వెళ్ళకూడదు. ఎక్కడ పెట్టామో తల్లికి చెప్పకూడదు. తల్లి ఆ చోటు చూస్తే తర్వాత కడుపున పడ్డది నిలవదంటారు. ఎవరంటారు అంటే, పెద్దవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో పెద్దవాణ్ణి నేనే కాబట్టి నేనే అంటున్నట్టు లెక్క.

నేనే తీసుకెళ్ళాను. ఆటోవాణ్ణి రోడ్డు మీదే ఆగమన్నాను. ఆ రోజు వాన.

ఆగస్టు 5

రాయడానికేమీ లేదు. వంకాయ కూర.

ఆగస్టు 9, శనివారం

పొద్దున్న వరండాలో పేపరు చదువుతుంటే ఈశ్వరి కాఫీ తెచ్చి ఇచ్చి, వెళ్ళకుండా నిలబడింది. ఆ పిల్ల అలా నిలబడదు. తల్లి లేని పిల్ల, ఎస్. రాయవరంలో ఒక్క అన్న ఉన్నాడు, అందుకే కానుపు కూడా మా ఇంట్లోనే అయింది.

"మావయ్యా, పాపని ఏడ పెట్టారు?"

"గుర్తులేదమ్మా. వాన కదా, దారే కనపడలేదు" అన్నాను.

నిలబడే ఉంది. అలా నిలబడితే చూడ్డానికి బాగుండదని, మాకవరపాలెం పెళ్ళిలో మా ఆంప్లిఫయరు పట్టిన కతంతా చెప్పాను. ముహూర్తం వేళకి కరెంటు పోవడం, జనరేటరు తెప్పిస్తే ఆంప్లిఫయరు మంగళవాద్యాలకి బదులు పక్క ఊళ్ళో ఎడ్ల సంత వేలం పాట అందుకోవడం, పురోహితుడు మంత్రం మధ్యలో ఆగి "ఎద్దు ఎంతకి పోయిందయ్యా" అని అడగడం. ఈ కత చెప్తే కలెక్టరాఫీసు గుమస్తాలు కూడా నవ్వారు. మంచి ఊపులో చెప్పాను కూడా.

ఈశ్వరి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నిజంగానే గుర్తులేదు.

ఆగస్టు 14, గురువారం

మధ్యాహ్నం మా ఆవిడ సింహాద్రమ్మ పెరట్లోంచి కేకేసింది. వెళ్ళి చూస్తే ఈశ్వరి నూతి గట్టు మీద కూర్చుని లోపలికి వంగి ఉంది. సింహాద్రమ్మ ఆ పిల్ల జబ్బ పట్టుకుని వదలడం లేదు.

"ఏటి సేస్తన్నావే అక్కడ?"

"నీళ్ళు సూస్తన్నానత్తా."

సాయంత్రం గణేశ్వరరావు షాపు నుంచి ఇనప జాలీ తెచ్చి నూతి మీద బిగించాడు. పెద్ద స్పీకర్ల ముందు వేసే జాలీ అది. బోల్టులు బిగిస్తున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేదు. తర్వాత చవితి పందిళ్ళకి సెట్లు సర్దాలని వెళ్ళిపోయాడు. చవితికి ఇంకా చాలా రోజులున్నాయి.

మా వీధి ఆశా వర్కరు అప్పలలక్ష్మి సంగతి తెలిసి వచ్చింది. బస్టాండు వెనక ఎవరో సేవాసంస్థ వాళ్ళు సలహా కేంద్రం పెట్టారట, కౌన్సిలింగు చేస్తారట, తీసుకెళ్ళమంది. సింహాద్రమ్మ ఒప్పుకోలేదు. "అది గాలి. గొలుగొండ అవతల సోమలమ్మ కాడికి తీసుకెల్తే సెప్పీస్తాది." సోమలమ్మ ఒంటి మీదికి అమ్మవారొస్తుంది. అప్పలలక్ష్మి తెలివైనది, వాదించలేదు. "రెండూ సేయండి పెద్దమ్మా. అమ్మోరేటి, ఆ మేడమ్ కాడికెల్తే కోప్పడతాదా?"

రెండూ చెయ్యడానికి నిశ్చయమైంది. నేను మాత్రం లైబ్రరీ నుంచి మనస్తత్వశాస్త్రం పుస్తకం తెచ్చుకున్నాను. మొదటి పేజీలు లేవు, జబ్బు ఎలా మొదలవుతుందో వాటిలో ఉండి ఉంటుంది. ముందు జాగ్రత్తగా చివర్నుంచి చదువుతున్నాను.

ఆగస్టు 19, మంగళవారం

సలహా కేంద్రానికి వెళ్ళొచ్చాం. టైలరు షాపు మేడ మీద ఒక గది. 'సలహా కేంద్రం' అని బోర్డు. మా ఊళ్ళో సలహాకి బోర్డు పెట్టినవాళ్ళని ఇప్పుడే చూశాను. టీ కొట్టు దగ్గర నిలబడితే టీకి డబ్బులు తీసుకుంటారు గానీ సలహాకి ఎవరూ తీసుకోరు.

నలుగురం వెళ్ళాం. మనిషికి బాగోలేకపోతే ఒక్కర్నే పంపుతామా. అక్కడి అమ్మాయి పేరు వెంకటదుర్గ, అమలాపురం వైపు పిల్ల. చూడగానే లేచి నిలబడింది. "రండి బాబాయిగారూ, కూర్చోండి. అన్నయ్యగారూ, మీరిలా రండి. వదినగారూ, మీరు నా పక్కన." నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ రోజుల్లో ఏ ఆఫీసుకి వెళ్ళినా "నెక్స్ట్" అంటున్నారు, వరస పెట్టి పిలిచేవాళ్ళెవరు?

"వదినగారితో కాసేపు ఒంటరిగా మాట్లాడొచ్చాండీ?" అని అడిగింది.

"మా కాడ దాపరికాలు నేవమ్మా" అంది సింహాద్రమ్మ, కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకుని.

"నిద్ర పడుతోందా వదినగారూ?"

"పడుతుందమ్మా, కాకపోతే తెల్లారగట్టే మెలకువొచ్చేస్తుంది" అన్నాను నేను.

"అన్నం సయిస్తోందా?"

"ఏదీ, పెరుగన్నం రెండు ముద్దలు." అదీ నేనే.

గణేశ్వరరావుని అడిగితే "అంతా బాగానే ఉందండి" అన్నాడు. ఈశ్వరి కూడా "బాగానే ఉన్నానండి" అంది. అప్పుడా అమ్మాయి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. మాట్లాడకుండా ఉండటం కూడా ఒక పద్ధతేనని నా పుస్తకంలో ఉంది. ఉంటే ఉండవచ్చు, ఇంటి నుంచి నలుగురం వస్తే మాటా పలుకూ లేకుండా కూర్చోబెట్టడం మర్యాదేనా? ఆంప్లిఫయరు కత చెప్పాను. ఆ అమ్మాయి నవ్వింది. టైమయిపోయింది. మొత్తానికి బాగా జరిగింది.

మెట్లు దిగేటప్పుడు ఈశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మెట్ల మీద దుమ్ము చాలా ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

సోమలమ్మ దగ్గరికి. ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేశాక బస్సుల్లో మగవాళ్ళకి కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. అయినా పొద్దున్నే కాబట్టి సీట్లు దొరికాయి. నేను కుడివైపు కూర్చున్నాను.

"అటు ఎండ. ఇటు రా" అంది సింహాద్రమ్మ.

"నాకు ఎండ ఇష్టం" అన్నాను.

గొలుగొండ దారిలో ఎడమవైపు జీడితోటలు తప్ప చూడ్డానికేమీ లేవు.

సోమలమ్మ ఇల్లు పెంకుటిల్లు. వసారా నిండా జనం. వెంకటదుర్గ గదికి తలుపుంది, ఇక్కడ తలుపు లేదు. ఒకరి బాధ పదిమంది వింటారు. విని, వాళ్ళ వంతు రాగానే వాళ్ళది వినిపిస్తారు. ఎవరూ ఎవర్నీ వింతగా చూడరు. సోమలమ్మ మాకంటే పెద్దది. పసుపు రాసుకుని కూర్చుని, రెండుసార్లు ఆవలించి, ఊగడం మొదలుపెట్టింది. నేను ఇలాంటివి నమ్ముతానా నమ్మనా అంటే, ఇలాంటి చోట్ల చాలాసార్లు మైకు పెట్టాను. మైకు పెట్టినవాడు నమ్మకాల జోలికి వెళ్ళకూడదు, వైర్లు చూసుకోవాలి.

"కూతురా" అంది సోమలమ్మ. "అమ్మ కాడికొచ్చి ఇంతసేపూ నోరిప్పవేటే."

ఈశ్వరి ఆవిడ ఒళ్ళో తల పెట్టేసింది. బిడ్డ పోయాక ఆ పిల్ల ఏడుపు మేమెవరమూ వినలేదు. వసారాలో ఎవరూ తల తిప్పలేదు. పక్కనున్న ముసలావిడ మాత్రం "ఏడవనీయండి" అంది, మేమేదో ఆపబోతున్నట్టు. మేం ఆపబోతున్న మాట నిజమే.

"పేరు నేని ఆడగుంట తిరగతంది" అంది సోమలమ్మ. "గాజులడగతంది. సిన్న గాజులు, ఓ గుడ్డముక్క పెట్టండి."

"ఏడ పెట్టాల తల్లీ?" అంది సింహాద్రమ్మ.

"అదున్న కాడ."

సింహాద్రమ్మ నా వంక చూసింది. నేను గోడ మీది పటం వంక చూశాను.

తిరిగొచ్చేటప్పుడు ఈశ్వరి సింహాద్రమ్మ భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. నేను ఎడమవైపు కూర్చున్నాను. అటు నుంచి వచ్చేటప్పుడు తోటలు కుడివైపుంటాయి.

ఆగస్టు 26

మళ్ళీ మామూలే. మాట లేదు.

అప్పలలక్ష్మి మాత్రలు ఇవ్వడానికొస్తే, మేడమ్ దగ్గర కన్నా సోమలమ్మ దగ్గరే గుణం కనిపించిందని చెప్పాను. నవ్వింది.

"పెదనాన్నా, ఆ మేడమ్ మీవోడ్ని ఏటని పిలిసింది?"

"అన్నయ్యగారూ అని. ఎంత మర్యాదస్తురాలో."

"మరప్పుడు ఈశ్వరికి ఆవిడేటయ్యింది?"

"ఏటవుతుంది? ఈశ్వరిని వదినగారూ అంది కదా. ఆడపడుచు."

"అదే మరి. ఆడపడుసు పక్కన కూకుని, మీ అన్న నాతో మాటాడ్డం నేదు, మీ బాబాయి ఊసు మార్సీస్తన్నాడు అని ఏ కోడలు సెప్తాదీ? అక్కడేమో అమ్మోరు కూతురా అన్నాది. పుట్టింటోల్లు దొరికినట్టయ్యింది. తల్లి నేని పిల్ల కదా."

ఆ ఊసు మార్చే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనడగలేదు.

నిజానికి ఈ సంగతి నాకు సోమలమ్మ వసారాలోనే తట్టింది. వరసల గురించి నాకు ఒకరు చెప్పేదేముంది. అనకాపల్లి బస్సులో ఒకాయన ఎక్కీ ఎక్కగానే నన్ను "బావా" అన్నాడు. నర్సీపట్నం దాటేలోగా నా సీట్లో సగం, తాళ్ళపాలెం చేరేలోగా నా పేపరు, కశింకోటలో నా భోజనం గిన్నెలో ఉప్మా ఆయనవయ్యాయి. అన్నయ్యా అని ఉంటే ఒక్క ముద్ద కూడా పెట్టి ఉండేవాణ్ణి కాదు. అన్నదమ్ములకి పెట్టిందెవరు గనక. మనిషి ఏ వరసలో వచ్చి కూర్చుంటాడన్న దాని మీదే, వాడికి మనం ఏం పెడతాం, వాడికి ఏం చెప్తాం అన్నది ఆధారపడి ఉంటుంది. పుస్తకంలో ఈ అధ్యాయం లేదు. పోయిన పేజీల్లో ఉందేమో.

ఆగస్టు 27

వినాయక చవితి. ఊరంతా మా స్పీకర్లే. గణేశ్వరరావు భోజనానికి రాలేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

వాళ్ళకంటే ముందు నేనొక్కణ్ణే సలహా కేంద్రానికి వెళ్ళి, వెంకటదుర్గకి వరసల సంగతి చెప్పాను. ఆ అమ్మాయి పెన్ను మూత పెట్టేసి విన్నది.

"ట్రైనింగులో పేరు పెట్టి పిలవమన్నారండి. పేరు పెడితే ముడుచుకుపోతున్నారు. పోనీలే మా వైపు అలవాటే కదా, అన్నయ్యగారూ వదినగారూ అందామనుకున్నానండి. ఇంతుందని తెలీదు."

"మీరు ఎవరి తరఫు మనిషో తేలకుండా ఇక్కడ ఎవరూ నోరు విప్పరమ్మా."

"నేను ఎవరి తరఫూ కాదు బాబాయిగారూ. అదే నా ఉద్యోగం."

"ఎవరి తరఫూ కాని మనిషిని మేం ఇంతవరకూ చూడలేదమ్మా. ఉన్నాడన్నా నమ్మం."

ఏమనుకుందో గానీ, ఇంతలో మెట్ల మీద అలికిడైతే లేచి తలుపు దాకా వెళ్ళింది. "రా అక్కా" అని ఈశ్వరి చెయ్యి పట్టుకుంది. గణేశ్వరరావుని చూసి "బావగారూ, మీతో తర్వాత మాట్లాడతానండి, మీకూ చెప్పుకునేది ఉంటుంది" అంది. వాడు తడబడి తల ఊపాడు. తర్వాత నా వైపు తిరిగింది.

"మామయ్యగారూ, మీరూ అత్తయ్యగారూ కింద టైలరు దగ్గర కూర్చోండి. అక్కా నేనూ మాట్లాడుకోవాలి."

అంతకుముందు దాకా నేను బాబాయిని. బాబాయిని గదిలోంచి పంపడానికి ఎవరైనా మొహమాటపడతారు, అక్క మామగారిని పంపడానికి మొహమాటమెందుకు? ఆ వరస దగ్గరుండి చేతిలో పెట్టింది నేనే. సింహాద్రమ్మ కూడా ఏమీ అనలేకపోయింది. చెల్లెలు అక్కతో మాట్లాడుతుంటే అత్తగారు మధ్యలో కూర్చోవడం ఏ ఇంట్లో ఉంది?

కింద బల్ల మీద కూర్చున్నాం. మిషను చప్పుడు. అది ఆగినప్పుడు మేడ మీంచి ఈశ్వరి గొంతు. ఏడుస్తూ మాట్లాడుతోంది. మాటలు తెలియడం లేదు, ఆగడం కూడా లేదు. టైలరు మంచివాడు, గుడ్డ అయిపోయినా మిషను తొక్కుతూనే ఉన్నాడు.

చాలాసేపటికి వెంకటదుర్గ దిగి వచ్చి నన్ను పక్కకి పిలిచింది.

"మామయ్యగారూ, ఈ మాట మీకు చెప్పమని అక్కే అంది. ఆ రోజు నూతి దగ్గర ఎందుకు కూర్చుందో తెలుసాండీ?"

"మాకు తెలిసిందే కదమ్మా."

"మీరనుకున్నది కాదండి. పాపని అందులో వేశారేమోనని చూసిందట."

కాసేపు నాకు మిషను చప్పుడు కూడా వినిపించలేదు.

"నూతిలో కాదమ్మా. ఎవరైనా నూతిలో వేస్తారా?" అన్నాను.

"మరెక్కడో ఎవరూ చెప్పకపోతే అన్నీ అనిపిస్తాయి కదండీ. మీ ఆచారం తప్పమని నేను చెప్పను. నాకా హక్కు లేదు. ఎక్కడ పెట్టారో మీ ఒక్కరికే తెలుసని మాత్రం అక్క అంటోంది. ఇంకొకటండి, అక్కని ఒంటరిగా వదలకండి. బతకాలని లేదని కూడా అంది. పెద్ద డాక్టరుగారికి చూపిద్దాం, నేనూ వస్తాను."

"గుర్తులేదమ్మా" అన్నాను. "ఆ రోజు వాన."

"సరేనండి" అంది. ఇంకా అడిగి ఉంటే కోప్పడటానికి వీలుండేది.

సెప్టెంబరు 3

గుర్తులేదన్నాను.

సెప్టెంబరు 8

డాక్టరు మందులు రాశాడు. వెంకటదుర్గ వచ్చింది, ఆస్పత్రిలో అందరికీ "మా అక్క" అనే చెప్పింది. ఈశ్వరి రెండు పూటలా తింటోంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

తింటోంది కదా అని ఏమరుపాటుగా ఉన్నాం. సింహాద్రమ్మ స్నానానికి వెళ్ళి వచ్చేలోగా ఈశ్వరి ఇంట్లో లేదు.

ముందు నూతి దగ్గరికి పరిగెత్తాను. జాలీ వేసే ఉంది. వేసి ఉందని తెలిసీ వంగి చూశాను. వీధి చివర దాకా వెళ్ళి, ఎటు వెళ్ళాలో తెలియక వెనక్కి వచ్చాను. గణేశ్వరరావు బండి మీద ఊరంతా తిరిగాడు. చివరికి ఒక ఆటోవాడు తీసుకొచ్చి దించాడు. శ్మశానంలో తిరుగుతోందట. కొత్తగా తవ్విన ప్రతి చోటా ఆగి కూర్చుని, కాపలావాణ్ణి "పసిపిల్లల్ని ఎటువేపు పెడతారు బాబూ" అని అడిగిందట. ఎండకి మొహం కమిలిపోయింది. కాళ్ళకి చెప్పుల్లేవు.

గణేశ్వరరావు ఆ పిల్ల కాళ్ళు కడిగాడు. వరండాలోనే, మా అందరి ముందూ. వాడెప్పుడూ అలాంటివి చేసేవాడు కాదు. కడుగుతూ "నాకూ తెల్దే, నిజంగా నాకూ తెల్దు" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి రేడియో పెట్టాను.

సెప్టెంబరు 14, ఆదివారం

సింహాద్రమ్మ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళేరుతోంది. ఈశ్వరి లోపల పడుకుని ఉంది.

"చూపించేస్తే ఏమవుతుంది?" అన్నాను. దేన్నని ఆవిడ అడగలేదు, తెలుసు.

"మల్లీ కడుపు నిలవదు."

"అది పెద్దవాళ్ళు..."

"నాకు సూపించనేదు. నాకు గణేసు నిలిసినాడు."

గణేశ్వరరావుకి ముందు మాకో పిల్లాడు పుట్టాడు. వాడూ పురుడు రాకముందే పోయాడు. మా నాన్న ఎత్తుకెళ్ళాడు. ఇదంతా నలభై ఏళ్ళ పైమాట. అప్పట్నుంచీ ఆ పిల్లాడి ఊసు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. సింహాద్రమ్మ అసలే ఎత్తలేదు. మరిచిపోయిందనుకున్నాను.

కొంతసేపు రాళ్ళేరింది. చేట లోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"మనోడ్ని ఏడ పెట్టారు?"

"నాకు తెలీదు. తండ్రికి చెప్పరు కదా."

"మీ నాన్ననడగనేదా?"

"లేదు."

"ఆయన మంచాన పడ్డప్పుడైనా?"

"అడగలేదే."

"నీకు తెల్సుననుకున్నాను" అంది. "తెల్సీ సెప్పడం నేదనుకున్నాను, ఇన్నేల్లూ. నాకు తెల్దు గానీ, ఈయనకి తెల్సు కదా, ఎవరో ఒకరికి తెల్సు కదా అనుకునేదాన్ని."

మళ్ళీ రాళ్ళేరడం మొదలుపెట్టింది. ఆ బియ్యంలో అన్ని రాళ్ళు లేవు.

నాన్న పోయినప్పుడు ఏమేం పోయాయో అప్పట్లో నలుగురం కూర్చుని లెక్క వేసుకున్నాం. ఇది లెక్కలోకి రాలేదు.

సెప్టెంబరు 15

బీపీ ఎక్కువుందన్నాడు డాక్టరు. మాటలు తగ్గించమన్నాడు. మాటలకీ బీపీకీ ఏమిటో.

సెప్టెంబరు 21, ఆదివారం

పెద్దల అమావాస్య. మా నాన్నకీ అమ్మకీ పెట్టాం. పెద్దలకి ఒక రోజుంది. పిల్లలకి ఏ రోజూ లేదని ఇవాళే గమనించాను, ఇన్నేళ్ళుగా పెడుతూ.

సెప్టెంబరు 24, బుధవారం

సింహాద్రమ్మ బజారు నుంచి చిన్న గాజులూ, ఒక పువ్వుల గుడ్డా తెచ్చింది. బల్ల మీద నా కళ్ళజోడు పక్కన పెట్టింది.

"రేపు పొద్దున్నే. బేగి తెమలండి" అంది.

"కడుపు నిలవదన్నావు?"

"ఉన్నది నిలబడాల కదా ముందు."

ఫోన్లో వెంకటదుర్గకి చెప్పాను. తను కూడా రావాలా అని అడిగింది. అక్కర్లేదమ్మా, అన్నాను. "అక్కని అడిగి చెప్పండి మామయ్యగారూ" అంది. అడిగాను. ఈశ్వరి కూడా అక్కర్లేదంది. ఈ పిల్లని అడిగి నేను చెప్పిన మొదటి మాట అదేనేమో.

గణేశ్వరరావు రాననలేదు, వస్తాననీ అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు ఈశ్వరి చెప్పులకి తెగిన పట్టీ అతికించి గుమ్మం దగ్గర పెట్టాడు.

సెప్టెంబరు 25, గురువారం

ముగ్గురం గొలుగొండ బస్సెక్కాం. ఈశ్వరి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంది. నేను ఆ పక్కన.

జీడితోట దగ్గర దిగి, గట్టు వెంబడి నడిచాం. ఆగి అటూ ఇటూ చూసి వెతుకుతున్నట్టు కనిపించాలని ఇంటి దగ్గరే అనుకున్నాను. గుర్తులేదని ఇన్నాళ్ళూ అంటూ వచ్చాను కదా. కాళ్ళు ఎక్కడా ఆగలేదు. మొదట్లోనే రెండుగా చీలిన చెట్టు, దాని వెనక రాయి. రాయి నేను పెట్టిందే. కుక్కలు తవ్వకుండా పెద్దది చూసి దొర్లించుకొచ్చాను. చుట్టూ గడ్డి మొలిచింది.

"ఇక్కడ" అన్నాను.

ఈశ్వరి కూర్చుని గడ్డి మీద అరచెయ్యి పెట్టింది. ఎవరూ ఏమీ మాట్లాడటం లేదు. ఆ చప్పుడు లేకపోవడం నాకు చేతకాదు. "ఆ రోజు వానమ్మా, ఆటోవాడు కూడా మంచోడు, మాకవరపాలెం వాడే, వాళ్ళ ఊళ్ళోనే మన ఆంప్లిఫయరు..." అని మొదలుపెట్టాను.

"మావయ్యా, కాసేపు మాటాడకండి" అంది.

ఊరుకున్నాను.

కొంతసేపయ్యాక తనే అడిగింది. "తల ఎటేపు?"

"దక్షిణానికి."

"దేంలో సుట్టారు?"

"నీ ఆకుపచ్చ చీరలో. పాతది. పెట్టెలో పైనే ఉంటే తీసుకెళ్ళాను."

"ఆ సీర కోసం ఇల్లంతా ఎతికాను" అంది.

"లోతుగానే తవ్వాను" అన్నాను. అదొక్కటే అడక్కుండా నేను చెప్పిన మాట.

ఈశ్వరి వంగి ఏదో పేరు పెట్టి పిలిచింది. నాకు వినిపించింది. ఇక్కడ రాయను.

సింహాద్రమ్మ గుడ్డ పరిచి, గాజులు పెట్టింది. తర్వాత రొంటిన దోపుకున్న పొట్లం విప్పి, అందులోంచి నల్ల మొలతాడు తీసి గాజుల పక్కన పెట్టింది. మొలతాడు మగపిల్లలకి కడతారు. ఈశ్వరి అది చూసి, అత్త వైపు కొంచెం జరిగి కూర్చుంది.

ఎండ ఎక్కేదాకా ఉన్నాం. వచ్చే మంగళవారం మళ్ళీ సలహా కేంద్రానికి వెళ్ళాలి.

తిరుగు బస్సు దాదాపు ఖాళీ. పోయినసారిలా ఎడమవైపు కూర్చోబోయి, ఆగి, తోటలు కనిపించే కుడివైపు వాళ్ళ దగ్గరికి వచ్చాను. కండక్టరు వాళ్ళిద్దరికీ ఉచితం టిక్కెట్లు కొట్టి, నా దగ్గర డబ్బులు తీసుకున్నాడు. చినుకులు మొదలైతే అద్దాలు వేసుకోమన్నాడు. మా కిటికీ అద్దం బిగుసుకుపోయింది, ఎంత లాగినా రాలేదు. కొంచెం తడిశాం.